హాల్లో పొయ్యి

రెబెకాను గౌస్ బాషా తన టైల్స్ షాపులో పెట్టుకున్నది బిల్లులు రాయడానికి. తొంభైల చివర, చిలకలూరిపేటలో ఇళ్ల రూపురేఖలు మారిపోతున్న రోజులవి. పత్తి మీదో మిరప మీదో నాలుగు డబ్బులు కళ్లజూసినవాళ్లంతా పాత నాపరాళ్లు పీకించి, మొజాయిక్ తవ్వించి, టైల్స్ వేయించుకుంటున్నారు. హైవే పక్కన స్పిన్నింగ్ మిల్లులు లేచినంత జోరుగా వాటి వెనక డాబాలు లేస్తున్నాయి. షాపుకొచ్చినవాళ్లకు మాత్రం ఒక చిక్కుండేది. గోడకు ఆనించి నిలబెట్టిన ఒక్క టైలును చూసి, రేపు హాలంతా పరిస్తే ఎలా ఉంటుందో ఎవరికీ అంతుబట్టేది కాదు. బాగా మెరిసేదాన్ని చూపించి “ఇదియ్యి” అనేవాళ్లు. తీరా వేయించుకున్నాక, “ఏంటి బాషా, హాలు కాస్తా ఆసుపత్రి వరండాలా తయారైంది!” అంటూ మళ్లీ వచ్చి తగువు పెట్టుకునేవాళ్లు.

ఒక శుక్రవారం గౌస్ బాషా నమాజుకు వెళ్లిన వేళ, పక్క ఊరి నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చి ఏదీ తేల్చుకోలేక నిలబడిపోయారు. రెబెకా కాసేపు చూసింది. ఇక ఉండబట్టలేక బిల్లుల పుస్తకం పక్కనపడేసి లేచింది.

“మీ హాల్లోకి వెలుతురు ఎటునుంచి వస్తుందండీ? ఇంట్లో పెద్దవాళ్లున్నారా, జారుతుందని భయపడేవాళ్లు? టీవీ ఎటు పెట్టుకుంటారు?”

వాళ్లు చెబుతుంటే ఆమె పెట్టెలు విప్పి టైల్స్ నేలమీద పేర్చుకుంటూ పోయింది. మధ్యలో లేత రంగు, గోడల వెంబడి ముదురు అంచు, గుమ్మం దగ్గర గరుకువి. గౌస్ బాషా తిరిగొచ్చేసరికి షాపు మధ్యలో ఒక హాలు పరుచుకుని ఉంది. దానిమీద ఆ ఇల్లాలు చెప్పులు విడిచి, వట్టికాళ్లతో అటూ ఇటూ నడిచి చూసుకుంటోంది.

“ఏంటమ్మా ఈ పని! పగిలితే ఎవరిది పూచీ?” అని గొంతు పెంచబోయాడు బాషా.

“ఉండండి బాషా గారూ. ఇవే, ఇట్టాగే కావాలి మాకు. ఈ అమ్మాయే వచ్చి దగ్గరుండి వేయించాలి” అందా ఇల్లాలు.

మర్నాడే బాషా బిల్లుల పుస్తకం వేరేవాళ్లకిచ్చి, రెబెకా చేతికి కొలతల టేపు ఇచ్చాడు.

రెబెకా తండ్రి బాలస్వామి పొగాకు బ్యారన్లలో పొయ్యి కాల్చేవాడు. కోసిన పచ్చాకును బ్యారన్ అనే ఎత్తయిన గదిలో కర్రలకు వేలాడదీసి, బయట పొయ్యిలో మంటపెట్టి, ఇనుప గొట్టాల గుండా లోపలికి వేడి పంపి ఆరబెడతారు. మంట ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే కుళ్లుతుంది. సీజను వచ్చిందంటే సింగరాయకొండ వైపు రైతులు బాలస్వామి కోసం కబురంపేవాళ్లు. రెబెకా బాల్యమంతా ఆ బ్యారన్ల నీడలో, కర్రలకు ఆకు అల్లే తల్లి పక్కన గడిచింది. మిషన్ స్కూల్లో పదో తరగతి పాసై, డ్రాయింగ్ మాస్టారి ప్రోత్సాహంతో డ్రాయింగ్ పరీక్ష కూడా గట్టెక్కింది. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే శ్యామ్ సుందర్‌ను పెళ్లి చేసుకుని పేటకు వచ్చింది. “గీతలు గీసే చెయ్యి నీది. బిల్లులేంటి?” అని మొదటినుంచీ అంటూ వచ్చినవాడు అతనే.

నాలుగైదేళ్లు తిరిగేసరికి పేటలో కొత్తగా కట్టే ఇంటికి హాలు ఎలా ఉండాలో రెబెకాను అడగడం రివాజైంది. డ్రాయింగ్ షీటు మీద గీసి, రంగులు వేసి చూపించేది. నేల ఒక్కటే కాదు, దివాన్ ఎక్కడ, షోకేసు ఎక్కడ, కిటికీ తెరలు ఏ రంగు అనేది కూడా ఆమే చెప్పేది. తాపీ మేస్త్రీ కోటేష్‌కు మొదట్లో ఇదేమీ నచ్చలేదు.

“ఇన్నేళ్లుగా నేలలు పరుస్తున్నా. ఇప్పుడు నిన్ను మేడమ్ అనమంటావా ఏంటి?”

“రెబెకా అను చాలు కోటేష్. గీత మాత్రం తప్పకు.”

కోటేష్ నవ్వేశాడు. ఆ నవ్వుతో మొదలైన స్నేహం ఇద్దరినీ చాలా ఇళ్ల గుమ్మాలు దాటించింది.

అలాంటి రోజుల్లో, రెండువేల మూడులో, జిన్నింగ్ మిల్లు అంకమ్మరావు గారి భార్య వెంకటేశ్వరమ్మ షాపు ముందు కారు దిగింది. మిల్లు వెనక కొత్త ఇల్లు కడుతున్నారు. గోడలు లేచాయి, శ్లాబు పడింది, హాలు మిగిలింది. ఆమె కుర్చీలో కూర్చుంటూనే అడిగింది.

“అమ్మాయ్, హాల్లో ఫైర్‌ప్లేస్ కట్టించగలవా?”

గౌస్ బాషా చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. రెబెకా ఫైర్‌ప్లేస్‌ను క్యాలెండర్ బొమ్మల్లో తప్ప చూసి ఎరగదు. గోడలో గూడు, గూట్లో మంట, ముందు తివాచీ మీద తెల్ల కుక్కపిల్ల.

“కట్టొచ్చండీ. కానీ మన ఎండలకు...” అని నసిగింది.

“ఎండలకు కాదు. చలికాలం పొద్దున్నే వెలిగించుకుంటాం, మంచు పట్టే రోజుల్లో.” వెంకటేశ్వరమ్మ కాస్త గొంతు తగ్గించింది. “నిరుడు ఊటీ పక్కన కూనూరు వెళ్లాం. అక్కడ దిగిన బంగళాలో ఉంది. మా వారి సంగతి నీకు తెలీదు. ఇంటికొస్తే ఫోను, లేకపోతే టీవీ. పెళ్లయిన దగ్గర్నుంచి నాతో తీరిగ్గా పది మాటలు మాట్లాడింది లేదు. అక్కడ ఆ మంట ముందు కూర్చుని, చిన్నప్పటి సంగతులన్నీ చెప్పుకొచ్చారు. వాళ్లమ్మను తలుచుకుని ఏడ్చారు కూడా. అట్టాంటి చోటొకటి నా ఇంట్లో కావాలి.”

రెబెకా కొలతల టేపు చేతిలోకి తీసుకుంది. “కడదామండీ” అంది.

ఆ మాట ఊళ్లో పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫైర్‌ప్లేస్ అనడానికి నోరు తిరగనివాళ్లు “హాల్లో పొయ్యంట” అని చెప్పుకుని నవ్వుకున్నారు. భోగిమంట ఇంట్లోనే వేసుకుంటారేమో అని ఒకరు, వంటిల్లు అద్దెకిచ్చేస్తారేమో అని ఇంకొకరు. అంకమ్మరావు గారైతే భార్య ఎదుటే అన్నాడు: “మే నెలలో ఈ ఊరే పొయ్యి. అందులో మనకింకో పొయ్యా?” అన్నాడే కానీ వద్దనలేదు. భార్య నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం ఆయనకూ కొత్తే.

రెబెకా ఆ హాలు మీద ప్రాణం పెట్టింది. నేలకు పత్తి పింజె రంగు టైల్స్ ఎంచింది. మెరుపు తక్కువ, కాలికి మెత్తన. వాటి చుట్టూ ఎండుమిరప రంగులో సన్నని అంచు. గూడు ముందు నిప్పురవ్వలు పడే జాగాలో టైల్స్ పనికిరావని, మార్కాపురం నుంచి నల్ల పలకరాయి తెప్పించింది. వేడికి బీటలివ్వదు, మసి పడితే తుడిస్తే పోతుంది. గూటి చుట్టూ ఒంగోలు నల్ల గ్రానైట్ చట్రం. కూర్చునే కుర్చీలు టీవీ వైపు కాకుండా మంట వైపు తిరిగి ఉండేలా కరెంటు ప్లగ్గు కూడా ఎదురుగోడ నుంచి పక్కగదికి మార్పించింది.

“టీవీ ఎక్కడ మరి?” అన్నాడు అంకమ్మరావు.

“పక్కగదిలోనండీ. చూడాలనిపిస్తే లేచి వెళ్లాలి.”

ఆయన కళ్లెగరేసి భార్య వంక చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

హాలు పూర్తయ్యాక డిసెంబరులో ఒక మంచు పొద్దున మొదటిసారి మంట వేయాలనుకున్నారు. మిల్లు గుమాస్తాలు, ఇరుగుపొరుగు, నవ్వినవాళ్లలో సగం మంది వచ్చారు. గౌస్ బాషా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తోటమాలి పెరట్లోంచి మోపెడు కట్టె తెచ్చి గూట్లో పేర్చాడు. చలిగాలి రాకుండా తలుపులూ కిటికీలూ మూశారు. వెంకటేశ్వరమ్మ అగ్గిపుల్ల గీసింది.

మంట భగ్గుమని లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే పొగ గూటి పైఅంచు దాటి హాల్లోకి ఉబికింది. దానివెనకే ఘాటు. తోటమాలి తెచ్చింది మిరపకట్టె. కొనలకు ఎండిపోయిన కాయలు ఇంకా వేలాడుతున్నాయి. క్షణంలో గొంతులు పట్టేశాయి. తుమ్ములు, దగ్గులు, కళ్లు మూసుకుని తలుపుల కోసం తడుముకోవడాలు. గుమాస్తా ఒకాయన కిటికీలోంచే దూకేశాడు. చివరికి అందరూ ముంగిట్లో చేరి, చెంపల మీద నీళ్లు కారుతుండగా ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు. పొరుగు ఆవిడకు ఆ దగ్గులోనే నవ్వు ఆగలేదు.

అంకమ్మరావు తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ, “దీన్ని పగలగొట్టించి షోకేసు పెట్టించు” అని భార్యతో అనేసి మిల్లులోకి వెళ్లిపోయాడు.

గౌస్ బాషా రెబెకాను పక్కకు పిలిచాడు. “తప్పు నీది కాదమ్మా. మిరపకట్టె తెచ్చిన ఆ మొద్దావతారానిది. ఆ మాటే చెప్పేద్దాం. మన షాపు పరువు దక్కుతుంది.”

తప్పించుకోవడానికి దారి కళ్లముందే ఉంది. రెబెకా లోపలికి వెళ్లింది. హాలు ఖాళీగా ఉంది. తెల్ల గోడ మీద గూటి పైన మసి నాలుకలా సాగింది. నాలుగు పాత కాగితాలు గూట్లో పెట్టి అంటించింది. మిరప లేదు, ఘాటు లేదు. పొగ మాత్రం కాసేపు తటపటాయించి, మళ్లీ ఆమె మొహం మీదికే వచ్చింది. బయటికొచ్చి వెంకటేశ్వరమ్మ ముందు నిలబడింది.

“అమ్మగారూ, కట్టె వల్ల ఘాటు వచ్చింది కానీ పొగ రావడం నా పొరపాటే. గూడు చూడ్డానికి బాగుండాలని గీశాను. పొగ ఎలా పోతుందో సరిగ్గా ఆలోచించలేదు. ఈ నెలాఖరు దాకా నాకు గడువివ్వండి. అప్పటికీ కాకపోతే నేనే పగలగొట్టిస్తాను.”

వెంకటేశ్వరమ్మ కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. “షోకేసు నాకక్కర్లేదు. వెళ్లి నీ పని చూసుకో” అంది.

రెబెకా అటునుంచి అటే ఒంగోలు బస్సెక్కింది. అక్కడ మారి సింగరాయకొండ దగ్గర తండ్రి ఉండే పల్లెకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బాలస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూతురు చెప్పిందంతా విని మొదట కడుపారా నవ్వాడు. ఆ నవ్వుకు రెబెకాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. అతను వెంటనే నవ్వాపి, చేతికర్రతో మట్టిలో గీత గీశాడు.

“పొగగొట్టం ఎట్టా పోయింది?”

“బీమ్ అడ్డమొచ్చింది నాన్నా. అందుకని ఇక్కడ వంపు తిప్పించా. డాబా మీద పిట్టగోడ ఎత్తున ఆపేశాం, పైకి లేస్తే బాగుండదని.”

“పక్కనేముంది?”

“మిల్లు గోడౌను. ఇంకా ఎత్తు.”

“మరింకేం! గాలి గోడౌను గోడకు కొట్టుకుని మీ గొట్టంలోకే దూకుద్ది. పొగ వేడిమీదుంటేనే పైకెళ్లుద్ది తల్లీ. వంపు దగ్గర తచ్చాడిందా, చల్లారిద్ది, బరువెక్కుద్ది, వచ్చిన దారే పట్టుద్ది. గొట్టం నిటారుగా పోవాల. గోడౌను కంటే ఎత్తు లేవాల.”

రెబెకా ఆ గీతల మీద వేలితో మళ్లీ గీసి చూసుకుంది. ఇంకేదో మిగిలిందనిపించింది. లేచి పొలంగట్టున ఉన్న పాత బ్యారన్ దగ్గరికి నడిచింది. చుట్టూ ఒకసారి తిరిగింది. గోడల అడుగున, నేలకు ఆనుకుని, వరుసగా గాలి కంతలు. చిన్నప్పుడు వాటిలో చెయ్యిపెట్టి ఆడుకునేది. లోపలి వేడిగాలి పైకి పోవాలంటే కింది నుంచి కొత్తగాలి రావాలి. అంకమ్మరావు గారి హాల్లోనేమో తలుపులూ కిటికీలూ అన్నీ బిగించారు. మంటకు ఊపిరాడే దారే లేదు.

అక్కడినుంచే కేకేసింది. “నాన్నా! మంటకు కింద కంత కావాలి! వరండాలోంచి నేలకింద గొట్టం వేసి, గూట్లో తేలుస్తా!”

బాలస్వామి అరుగు మీద నుంచే చెయ్యి ఊపాడు. “నేనూ వస్తున్నా పద. ఆ పొయ్యేదో చూడాల నేను.”

మర్నాడు ఇద్దరూ అంకమ్మరావు గారి ఇంటి ముందు దిగారు. బాలస్వామి గేటు దాటగానే అలవాటు కొద్దీ పెరటివైపు తిరిగాడు. అలాంటి ఇళ్లకు అతను జీవితమంతా వెళ్లింది ఆ దారినే. రెబెకా అతని మోచెయ్యి పట్టుకుంది.

“నాన్నా, పొయ్యి హాల్లో ఉంది. ఇటు.”

అతను చెప్పులు విడిచి, కాళ్లు తుడుచుకుని, ముందు గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టాడు. తెల్లని నేల, ఎర్రని అంచు, నల్లని రాయి చూసి, వంగి ఆ అంచును వేలితో తడిమాడు.

“ఇదంతా నువ్వే గీశావా?”

“నేనే నాన్నా.”

“మీ డ్రాయింగ్ మాస్టారు ఉండుంటే చూసేవాడు” అన్నాడు మెల్లగా. ఆ తర్వాత తుండు తలకు చుట్టి, గూట్లోకి తలదూర్చి పైకి చూశాడు.

పని మళ్లీ మొదలైంది. కోటేష్ తను కట్టిన గొట్టాన్ని తనే పగలగొట్టాలంటే మొహం మాడ్చుకున్నాడు. కానీ బాలస్వామి గూడు పొగగొట్టంలో కలిసే మెడను ఎక్కడ సన్నం చెయ్యాలో చేత్తో చూపిస్తుంటే, కాసేపటికి తనూ మోకాళ్ల మీద కూర్చుని ఇటుక పట్టాడు. బీమ్‌కు ఇవతలగా గూటినే కాస్త పక్కకు జరిపి, గొట్టాన్ని నిటారుగా లేపారు. దాంతో నేల మీద ఎర్ర అంచు గూటి మధ్యకు సరిపోకుండా పోయింది. కోటేష్ ఫర్వాలేదన్నా రెబెకా ఒప్పుకోలేదు. ఒక వైపు వరసంతా విప్పించి మళ్లీ వేయించింది. వరండా నుంచి నేలకింద గాలిగొట్టం వచ్చి, గూట్లో ఇనుప జాలీ కింద తేలింది. డాబా మీద పొగగొట్టం గోడౌను కప్పును దాటి లేచి, వాన పడకుండా పైన చిన్న రాతి టోపీ పెట్టుకుని నిలబడింది. హైవే మీద పోయే లారీ డ్రైవర్లు ఇదేదో కొత్త మిల్లనుకున్నారు.

నెలాఖరులో ఒక పొద్దున వీధిలో ఎదుటి మనిషి కనిపించనంత మంచు పట్టింది. ఈసారి ఎవర్నీ పిలవలేదు. వెంకటేశ్వరమ్మ, అంకమ్మరావు, కోటేష్, తండ్రీకూతుళ్లు, అంతే. గౌస్ బాషా మాత్రం పిలవకుండానే వచ్చి గుమ్మం దగ్గరే, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు. రెబెకా తనే ఎంచి తెచ్చిన ఎండు సరుగుడు కట్టెల్ని పేర్చింది. ముందు ఒక తాటాకు ముక్కను అంటించి గూటి మెడ దగ్గర పట్టుకుంది, గొట్టం వేడెక్కడానికి. అంకమ్మరావు తువ్వాలు ముందే మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తాటాకు మంట ఒక్కసారి పైకి లాక్కుపోయినట్టు సాగింది. రెబెకా కట్టెలు అంటించింది. పొగ లేచింది, సుడి తిరిగింది, గూటి అంచు దాకా వచ్చింది. ఆ పొగ అక్కడే మలుపు తిరిగి, చీర కొంగు లాగినట్టు గొట్టంలోకి పోయింది. దాని వెనక మిగతాదంతా పోయింది. గూట్లో ఎర్రటి, శుభ్రమైన మంట ఒక్కటే మిగిలింది.

కోటేష్ పరుగున మేడమెట్లెక్కాడు. పైనుంచి అతని కేక వీధంతా వినిపించింది: “పోతోందిరోయ్! నిటారుగా పోతోంది!”

రెబెకా పలకరాయి మీద అలాగే కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఏడుస్తోందనుకున్నారు. చేతులు తీశాక తెలిసింది, నవ్వుతోంది. బాషా గుమ్మం వదిలి, చెప్పులు విడిచి, మంట దగ్గరికి వచ్చి అరచేతులు చాపాడు. “మాషా అల్లా, రెబెకమ్మా!”

అంకమ్మరావు తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నిలబడి ఉన్న బాలస్వామిని చూసి, పక్క కుర్చీ జరిపాడు. “కూర్చో బాలస్వామీ. ఏ బ్యారన్లు కాల్చేవాడివి నువ్వు? మా మేనమామకు కొండపి దగ్గర రెండుండేవి.”

“ఆ బ్యారన్లేనయ్యా, నేను కాల్చింది” అన్నాడు బాలస్వామి.

ఇక అక్కడినుంచి మాటలు ఆగలేదు. చిన్నతనంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న రోజులు, బ్యారన్ పొయ్యిలో చిలగడదుంపలు కాల్చుకు తిన్న సంగతి, మిల్లు పెట్టిన కొత్తలో పత్తి తడిసిపోతే తను భార్యకు కూడా చెప్పకుండా మింగిన బాధ, అన్నీ బయటికొచ్చాయి. వెంకటేశ్వరమ్మ ఆ చివరి సంగతి వినగానే ఆయన వైపు తిరిగింది. “ఇన్నాళ్లూ నాకు చెప్పనే లేదే?” అంది. ఆయన మంటలోకి చూస్తూనే, “ఇప్పుడు చెబుతున్నాగా” అన్నాడు. మిల్లు సైరను మోగినా లేవలేదు.

ఆ చలికాలమంతా పేటలో ఆ హాలును చూసిపోవడానికి వచ్చినవాళ్లకు లెక్కలేదు. నవ్విన పొరుగావిడ తన చుట్టాలను వెంటబెట్టుకొచ్చి, అంతా తనే కట్టించినట్టు గాలికంత దగ్గర్నుంచీ వివరించేది. గౌస్ బాషా షాపు బోర్డు మార్పించి, తన పేరు పక్కన రెబెకా పేరు రాయించాడు, భాగస్వామిగా. కోటేష్ ఎక్కడ పరిచయం చేసుకున్నా “ఫైర్‌ప్లేస్ మేస్త్రీని” అనడం మొదలుపెట్టాడు.

రెండేళ్లకు ఒంగోలు నుంచి లక్ష్మీకాంత్ అనే గ్రానైట్ వ్యాపారి కబురంపాడు. కొత్త ఇంట్లో పెద్ద హాలు, దానికి తగ్గట్టు ఫైర్‌ప్లేస్ కావాలన్నాడు. “మంటా గింటా అక్కర్లేదమ్మా. లోపల ఎర్ర బల్బు పెట్టు. వచ్చినవాళ్లు చూస్తే చాలు.”

రెబెకా డ్రాయింగ్ షీటు చుట్టేసింది. “బల్బు పెట్టడానికైతే నేనెందుకండీ? వెలిగేదైతే కడతాను.”

లక్ష్మీకాంత్‌కు తన మాటకు ఎదురు చెప్పేవాళ్లు అలవాటు లేదు. కోపం తెచ్చుకోబోయి, ఆమె షీట్ల కట్టను చంకలో పెట్టుకుని నిజంగానే గేటు దాకా వెళ్లిపోవడం చూసి, “ఆగమ్మా, ఆగు! ముందు కూర్చో. వెలిగేదే కట్టు!” అని వెనక నుంచి పిలిచాడు.

రెబెకా వెనక్కి తిరిగి వచ్చి, ఆ హాలు మధ్యలో నిలబడి, చుట్టూ చూసి అడిగింది: “మీ పక్కింటివాళ్ల మేడ ఎంత ఎత్తండీ?”